పెళ్లి కెమెరాతో నీహారికను తీయొచ్చా?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది పర్లాకిమిడి. పెళ్లిళ్లకు ఫోటోలు తీయడం నా వృత్తి. ఇటు ఒడియా వాళ్లవీ, అటు పాతపట్నం, టెక్కలి వైపు మన తెలుగువాళ్లవీ తీస్తుంటాను. చిన్నప్పటి నుంచీ చుక్కలంటే ఇష్టం. కిందటి చలికాలం మా పెరట్లో స్టాండు వేసి, మృగశిర దగ్గరుండే ఓరియన్ నీహారికను (నెబ్యులా, అంటే చుక్కల నడుమ వెలిగే వాయువు, ధూళి మేఘం) తీద్దామని 50 ఎంఎం లెన్సుతో 30 సెకన్ల ఎక్స్‌పోజరు ఇచ్చాను. చుక్కలన్నీ గీతలయ్యాయి. నీహారిక ఉండాల్సిన చోట చిన్న మసక తప్ప ఏమీ లేదు. నా కెమెరా 24 మెగాపిక్సెల్ క్రాప్ సెన్సరుది. 50 ఎంఎం ఎఫ్ 1.8, 70–200 ఎఫ్ 2.8 లెన్సులున్నాయి. 45 వేలు పెట్టి టెలిస్కోపు కొందామనుకుంటే మా ఆవిడ వద్దంటోంది. మా బావమరిదేమో "ఆ రంగులన్నీ కంప్యూటర్లో వేసినవే బావా, కంటికి కనపడనిది కెమెరాకు ఎలా కనపడుతుంది" అంటున్నాడు. పైగా వీధి ఎల్ఈడీ దీపం సరిగ్గా మా ప్రహరీ మీదే పడుతుంది. మా పెరట్లోంచి ఇది అయ్యే పనేనా? టెలిస్కోపు కొనమంటారా?

సమాధానం: టెలిస్కోపు ఇప్పుడే కొనకండి. ఈ విషయంలో మీ ఆవిడ మాటే సరైనది. మీ పెరట్లోంచి అయ్యే పనేనా అంటే, తప్పకుండా అవుతుంది.

మీ దగ్గరున్న 70–200 లెన్సును 200 దగ్గర పెట్టి ఎఫ్ 2.8లో తెరిస్తే దాని నోరు 71 మిల్లీమీటర్లు. 200ని 2.8తో భాగించి చూసుకోండి. అంటే మీ సంచీలో ఇప్పటికే ఒక చిన్న టెలిస్కోపు ఉంది, అదీ మంచి గాజుతో చేసింది. మీరు తీయాలనుకున్న నీహారిక కూడా మీరనుకునేంత చిన్నదేమీ కాదు. దాని పలుచటి అంచులు కూడా కలుపుకుంటే ఆకాశంలో రెండు పున్నమి చంద్రులను పక్కపక్కన పెట్టినంత వెడల్పుంటుంది. 200 ఎంఎం దగ్గర మీ ఫ్రేములో అది దాదాపు వెయ్యి పిక్సెళ్లు పరుచుకుంటుంది. దాన్ని ఇంకా పెద్దది చేసి చూపే గాజు మీకు అక్కర్లేదు. మీకు కావలసింది ఆకాశం తిరుగుతుంటే దాని వెంట కెమెరాను తిప్పే ఏర్పాటు.

మీ గీతల లెక్క చూద్దాం. భూమి తిరగడం వల్ల చుక్కలు గంటకు 15 డిగ్రీలు జరుగుతాయి. 30 సెకన్లలో డిగ్రీలో ఎనిమిదో వంతు. మీ సెన్సరు మీద 50 ఎంఎం లెన్సుతో అది దాదాపు 30 పిక్సెళ్ల గీత. అదే గీత 200 ఎంఎంలో 120 పిక్సెళ్లవుతుంది. ఇక 45 వేలకు వచ్చే టెలిస్కోపుల్లో చాలావాటి ఫోకల్ లెంగ్త్ 900 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. దానికి కెమెరా తగిలిస్తే సెకను తిరిగేలోపే చుక్క గీతవుతుంది. ఆ ధరలో దానితో పాటు ఇచ్చే స్టాండు, గాలి కొడితే చాలు, ఊగుతుంది. శని వలయాలను, చంద్రుడి గుంతలను కంటితో చూడటానికి ఆ టెలిస్కోపు బ్రహ్మాండంగా పనికొస్తుంది, అందుకైతే నేనే కొనమంటాను. నీహారిక ఫోటోకు మాత్రం మిమ్మల్ని ఇప్పుడున్న చోటు కన్నా వెనక్కే తీసుకుపోతుంది.

ఈ మాట నా సొంత అభిప్రాయమని కొట్టిపారేయకండి, ఈ పని మొదలైన రోజు నుంచీ ఇదే కథ. లోకంలో మొట్టమొదటి నీహారిక ఫోటో మీరు తీయబోయిన ఈ నీహారికదే. 1880 సెప్టెంబరు 30న అమెరికాలో హెన్రీ డ్రేపర్ అనే వైద్యుడు తీశాడు. 11 అంగుళాల టెలిస్కోపుకు గడియారపు యంత్రం బిగించి, ఆకాశం వెంట 51 నిమిషాల పాటు తిప్పితే ఫోటో ప్లేటు (అప్పటి ఫిల్ము) మీద మబ్బు తునకలా ఒక రూపం పడింది. తర్వాత 1883లో లండన్ శివార్లలోని ఈలింగ్‌లో ఆండ్రూ కామన్ అనే ఇంజినీరు తన ఇంటి తోటలోంచే, 36 అంగుళాల అద్దంతో అదే నీహారికను మళ్లీ తీశాడు. అంత పెద్ద టెలిస్కోపులో కన్ను పెట్టి చూసినా కనపడని చుక్కలు ఆ ప్లేటు మీద కనపడ్డాయి. ఇద్దరికీ ఇది వృత్తి కాదు, ఇష్టం కొద్దీ చేసిన పని. మీ బావమరిది అడిగిన ప్రశ్నకు సగం జవాబు కామన్ తోటలోనే దొరికిపోయింది. కన్ను ఎంతసేపు చూసినా వెలుగును పోగు చేసుకోలేదు, ఎప్పటి వెలుగు అప్పటికే. ప్లేటు గానీ సెన్సరు గానీ నిమిషాల తరబడి కూడబెట్టుకుంటుంది.

ఇప్పుడు పైసా ఖర్చు లేకుండా చేసే పని చెబుతాను. 70–200ను 135 దగ్గర పెట్టండి, ఎఫ్ 2.8, ఐఎస్ఓ 3200, ఒకటిన్నర సెకను. రా ఫైలు (కెమెరా ఏ మార్పూ చేయని ముడి ఫైలు) తప్పనిసరి. రిమోటు తగిలించి వరసగా 800 ఫ్రేములు తీయండి. ఆకాశం జరిగిపోతుంటుంది కాబట్టి పది నిమిషాలకోసారి నీహారికను మళ్లీ ఫ్రేము మధ్యకు తెచ్చుకోండి. మొత్తం కలిపితే 20 నిమిషాల వెలుగు (ఎలా కలపాలో కింద చెబుతాను). ఈ నీహారిక మిగతావాటికన్నా బాగా కాంతిమంతమైనది కాబట్టి స్టాండు మీద కదలకుండా ఉన్న కెమెరాతోనే రెక్కలు విప్పుకున్న ఆకారం వచ్చి తీరుతుంది. ఒక్క ఇబ్బంది, ఒక్క రాత్రికే 800 షట్టర్లు. మీది పొట్ట నింపే కెమెరా కాబట్టి ఆ లెక్క మీరు చూసుకోవాలి. దానికి నిశ్శబ్ద షట్టరు ఉంటే అది వాడండి. లేకపోతే ఈ పద్ధతిని రెండు మూడు రాత్రులకే పరిమితం చేసి, కింద చెప్పే చెక్క సాధనం చేయించుకోండి.

ఆ సాధనం మీ వీధి వడ్రంగి ఒక పూటలో చేసి ఇస్తాడు. జానెడున్నర పొడవున్న రెండు పలకలు. వాటిని పుస్తకం అట్టల్లా ఒకవైపు బందుతో కలపాలి. బందు కొత్తది, లూజు లేనిదై ఉండాలి, పాత తలుపుది ఊడదీసి పెడతానంటే ఒప్పుకోకండి. బందు ఇరుసు నుంచి సరిగ్గా 228.6 మిల్లీమీటర్ల దూరంలో కింది పలకకు రంధ్రం వేసి, అందులో ఎం6 (6 మిల్లీమీటర్ల) నట్టు కదలకుండా దిగేయాలి. ఆ నట్టులోంచి మరలున్న ఎం6 కడ్డీ పైకి వచ్చి పై పలకను నెడుతుంది. ఎం6 కడ్డీ ఒక చుట్టు తిరిగితే ఒక మిల్లీమీటరు పైకి లేస్తుంది. 228.6 మిల్లీమీటర్ల దూరంలో ఒక మిల్లీమీటరు లేస్తే పలక పావు డిగ్రీ తెరుచుకుంటుంది. ఒక నిమిషంలో ఆకాశం తిరిగేదీ ఆ పావు డిగ్రీయే. కాబట్టి మీరు చేయాల్సిందల్లా కడ్డీని నిమిషానికి ఒక చుట్టు తిప్పడం. కడ్డీ కింద ఒక గుండ్రటి డబ్బా మూత బిగించి, దాని మీద నాలుగు గీతలు గీసుకుని, 15 సెకన్లకు ఒక గీత చొప్పున నెమ్మదిగా తిప్పండి. పై పలక మీద బాల్ హెడ్డు, దాని మీద కెమెరా. కింది పలక మీ స్టాండు మీద. ఈ ఉపాయాన్ని 1975లో స్కాట్లాండుకు చెందిన జార్జ్ హేగ్ లోకానికి చెప్పాడు. అప్పటి నుంచీ ఎన్నో దేశాల్లో ఎంతోమంది చెక్కముక్కలతోనే మొదలుపెట్టారు.

చెక్క అని చిన్నచూపు చూడాల్సిన పని లేదు. మన ఒడిశాలోనే ఖండపడాలో పుట్టిన పఠాణి సామంత (1835–1904) వెదురు బద్దలతో, చెక్కముక్కలతో స్వయంగా చేసుకున్న పరికరాలతో, టెలిస్కోపు లేకుండా గ్రహాల చలనాలు కొలిచాడు. ఆయన సాధించిన కచ్చితత్వం చూసి ఇంగ్లీషు చదువుల పండితులు ఆశ్చర్యపోయారు. కొలత సరిగ్గా ఉంటే సరుకు ఏదైనా పని చేస్తుంది.

ఆ సాధనాన్ని వాడేటప్పుడు బందు ఇరుసు ధ్రువ నక్షత్రం వైపు చూడాలి. మీరు ఉత్తరానికి తిరిగి నిలబడితే బందు మీ ఎడమ చేతి వైపు, కడ్డీ కుడి వైపు ఉండాలి. పర్లాకిమిడిలో ధ్రువ నక్షత్రం 19 డిగ్రీల లోపు ఎత్తులోనే ఉంటుంది. చేయి చాచి పిడికిలి పడితే అది సుమారు 10 డిగ్రీలు. అంటే దిగంతం నుంచి రెండు పిడికిళ్లకు కాస్త తక్కువ. అంత కిందనుంటే పెరట్లో కొబ్బరిచెట్టో, పక్కింటి మేడో అడ్డం వస్తుంది. అప్పుడు దిక్సూచితో ఉత్తరం పట్టుకుని, ఇరుసును 19 డిగ్రీలు పైకి వంచండి, చాలు. మన వైపు దిక్సూచి చూపే ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా ఒక డిగ్రీ లోపే. 50 ఎంఎం లెన్సుకు ఒక డిగ్రీ తప్పినా నిమిషంలో చుక్క ఒక్క పిక్సెలే జరుగుతుంది, దాన్ని మీరు గుర్తుపట్టలేరు. దిక్సూచిని ఇనప స్టాండుకు దూరంగా పట్టుకోండి, అంతే.

ఈ చెక్క సాధనంతో 50 ఎంఎం లెన్సుకు ఎఫ్ 2.8, ఐఎస్ఓ 800, ఒక్కో ఫ్రేము నిమిషం. అలా గంటసేపు తీయండి. 85 ఎంఎం దాకా కూడా పని చేస్తుంది. 200 ఎంఎంతో నిమిషాల ఎక్స్‌పోజర్లు కావాలంటే మాత్రం చేతి తిప్పుడు చాలదు. అప్పుడు మోటారుతో నడిచే స్టార్ ట్రాకర్ కొనండి. స్కై-వాచర్ స్టార్ అడ్వెంచరర్ లాంటివి అందుకే ఉన్నాయి. మీరు దాచుకున్న డబ్బు వెళ్లాల్సింది దాని మీదకే, టెలిస్కోపు మీదకు కాదు. ఈమధ్య సీస్టార్ లాంటి స్మార్టు టెలిస్కోపులు వచ్చాయి. పెరట్లో పెట్టి ఫోన్లో నొక్కితే అదే వెతుక్కుని, అదే తీసి, అదే కలిపి ఇస్తుంది. కెమెరా ముట్టని వాళ్లకు అది వరమే. లెన్సులు, ఎడిటింగు చేతిలో ఉన్న మీకు దానితో వచ్చే సంతోషం తక్కువని నా అభిప్రాయం.

ఎప్పుడు తీయాలన్నది మీ వృత్తికి చక్కగా కలిసొచ్చింది. ధనుర్మాసంలో పెళ్లిళ్లుండవు. సరిగ్గా ఆ నెలలోనే ఈ నీహారిక రాత్రంతా ఆకాశంలో ఉంటుంది. డిసెంబరు మధ్యలో అర్ధరాత్రికి, జనవరి మధ్యలో రాత్రి పదికి, ఫిబ్రవరి మధ్యలో ఎనిమిదికి మీ ఊళ్లో అది దక్షిణాన 66 డిగ్రీల ఎత్తుకు చేరుతుంది, ఇంచుమించు నడినెత్తికి దగ్గర. అంత ఎత్తులో ఊరి వెలుగు, పొగ అన్నీ పలుచబడతాయి. అమావాస్యకు అటు వారం, ఇటు వారం చూసుకోండి. వెన్నెల రాత్రుల్లో చేతులు కట్టుకుని కూర్చోవడమే. పుష్య మాసంలో మహేంద్రతనయ వైపు నుంచి మంచు అర్ధరాత్రి దాటాక కమ్ముకుంటుంది కాబట్టి తొమ్మిదికి మొదలుపెట్టి పన్నెండున్నరకు ముగించండి. మృగశిర కార్తె వచ్చిందని జూన్‌లో వెతికేరు, అప్పుడు అసలు కనపడదు. సూర్యుడు ఆ చుక్కల దగ్గరకు చేరినప్పుడే కదా ఆ కార్తె వచ్చేది.

లెన్సు మీద మంచు పట్టడం పెద్ద చిక్కు. అరగంటకోసారి ముందు గాజు మీద టార్చి వేసి చూడండి. పట్టిందంటే గుడ్డతో తుడవకండి, గీతలు పడతాయి, మళ్లీ పడుతుంది కూడా. పవర్ బ్యాంకుతో పని చేసే వేడి పట్టీలు లెన్సుకు చుట్టేవి దొరుకుతాయి. అది కట్టుకుంటే మంచు పట్టనే పట్టదు. హుడ్డు మాత్రం తీయొద్దు.

వీధి దీపం గురించి. మీ స్టూడియోలో నల్లటి బ్యాక్‌గ్రౌండు తెర ఉండే ఉంటుంది. పెరట్లో బట్టలారేసే తీగ మీద దాన్ని వేసి, దీపం నేరుగా లెన్సు మీదా మీ కళ్ల మీదా పడకుండా నీడ చేసుకోండి. సగం సమస్య అక్కడే తీరుతుంది. మిగతా సగం ఆకాశంలోకి పోయే వెలుగు, దాన్ని మీరు ఆపలేరు. ఎక్స్‌పోజరు పెంచితే అది ఫోటోను తెల్లబరుస్తుంది. అందుకే కెమెరా తెర మీద వెలుగు లెక్క చూపే హిస్టోగ్రాంలో గుట్ట ఎడమ అంచు నుంచి పావు వంతు నుంచి మూడో వంతు లోపు ఉండేలా చూసుకోండి. దాటితే ఎక్స్‌పోజరు తగ్గించి ఫ్రేములు పెంచండి. మునిసిపాలిటీకి వెళ్లి దీపానికి పైనా పక్కనా రేకు తొడుగు వేయమని అర్జీ పెట్టండి. వెలుగు రోడ్డు మీదే పడితే నడిచేవాళ్లకూ మంచిది, ఇళ్లల్లో నిద్రపోయేవాళ్లకూ మంచిది. దీపం తీసేయమని అడగట్లేదు కాబట్టి వాళ్లు వినే అవకాశం ఉంది. వెలుగును కోసే ఫిల్టర్లు అమ్ముతారు. ఇప్పుడే వద్దు. ఎల్ఈడీ తెలుపులో అన్ని రంగులూ కలిసి ఉంటాయి కాబట్టి మామూలు ఫిల్టరు దాన్ని పెద్దగా ఆపలేదు.

ఫోకస్ దగ్గరే ఎక్కువమంది ఓడిపోతారు. లెన్సు మీదున్న అనంతం గుర్తును నమ్మకండి. ఆటోఫోకస్, స్టెబిలైజరు, కెమెరాలోని నాయిస్ రిడక్షన్ మూడూ ఆపేయండి. లైవ్ వ్యూలో లుబ్ధకాన్ని, అంటే మృగశిరకు ఆగ్నేయంగా మిలమిలా మెరిసే ఆ పెద్ద చుక్కను, పది రెట్లు పెంచి, అది అతి చిన్న బిందువయ్యేదాకా రింగును వెంట్రుకవాసి చొప్పున తిప్పండి. దొరికాక టేపు వేసేయండి. లెన్సును ఎఫ్ 2.8 కన్నా ఎఫ్ 4కు కుదిస్తే మూలల్లో చుక్కలకు తోకలు పోతాయి. ట్రాకర్ ఉన్నప్పుడు నేనైతే ఎఫ్ 4 దగ్గరే తీస్తాను.

ఇక కలపడం. ఒక్క ఫ్రేములో నీహారిక వెలుగు కన్నా నాయిస్ (ఇసుక చల్లినట్టుండే గరుకు) ఎక్కువుంటుంది. నాయిస్ ప్రతి ఫ్రేములో వేరే వేరే చోట పడుతుంది, నీహారిక మాత్రం ప్రతిసారీ ఒకే చోట పడుతుంది. భజనలో ఒక్కొక్కరి గొంతు ఒక్కోచోట బొంగురుపోయినా పాట అందరిదీ ఒకటే కాబట్టి వినేవాళ్లకు పాటే వినపడుతుంది చూశారా, అదే సూత్రం. నాలుగు రెట్లు ఫ్రేములు కలిపితే నాయిస్ సగమవుతుంది. పది నిమిషాల ఫోటోకూ నలభై నిమిషాల ఫోటోకూ తేడా మీ కంటికి ఇట్టే తెలుస్తుంది. అక్కడి నుంచి మరో రెట్టింపు బాగుండాలంటే 160 నిమిషాలు. అందుకే ఈ పనిలో ఒక రాత్రిలో తీసిందంతా తర్వాతి రాత్రి తీసినదానికి కలుపుకుంటూ పోతారు. మీరు కూడా వచ్చే మూడు అమావాస్యల ఫ్రేములన్నీ దాచిపెట్టి ఒకటిగా కలపండి.

కలపడానికి సిరిల్, డీప్ స్కై స్టాకర్ అనే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, రెండూ ఉచితమే. నేను సిరిల్ వాడమంటాను. కలపడం, వెలుగు మచ్చలు తీయడం, రంగు సరిచేయడం అన్నీ ఒక్కచోటే అవుతాయి. దానికి నీహారిక ఫ్రేములతో పాటు ఇంకో రెండు రకాలు ఇవ్వాలి. లెన్సుకు మూత పెట్టి, అదే ఐఎస్ఓ, అదే సమయంతో, అదే చలిలో 20 నల్ల ఫ్రేములు. సెన్సరులో వేడి వల్ల వచ్చే చుక్కలు వాటితో పోతాయి. రెండోవి ఫ్లాట్ ఫ్రేములు, లెన్సు అంచుల చీకటీ ధూళి మచ్చలూ తీసేవి. మిగతావాళ్లు వీటి కోసం తెల్లారి ఆకాశం వైపు తెల్లగుడ్డ కట్టి నానా తంటాలు పడతారు. మీ ఇంట్లో సాఫ్ట్‌బాక్స్ ఉంది. ఫోకస్ కదపకుండా, దాని ముందు లెన్సు పెట్టి 20 ఫ్రేములు తీస్తే అంతకన్నా మంచి ఫ్లాట్లు ఎవరికీ రావు.

కలిపిన ఫోటో మొదట తెరిస్తే నల్లగా కనపడుతుంది. భయపడకండి, అన్నీ అందులోనే ఉన్నాయి. నీడ భాగాన్ని కొంచెం కొంచెంగా పైకి లాగాలి. ఇక్కడ మీ చేతికి అలవాటైన పనులు రెండు. ఒకటి ఎంతో పనికొస్తుంది, రెండోది పాడు చేస్తుంది. నీహారిక నడుమ ట్రపీజియం అనే నాలుగు చుక్కల గుంపు ఉంది. ఆ చుక్కల వెలుగుతోనే చుట్టూ ఉన్న వాయువు వెలుగుతోంది. నిమిషం ఎక్స్‌పోజరులో ఆ నడిభాగం తెల్లగా కాలిపోతుంది. దానికి 3, 4 సెకన్ల ఫ్రేములు ఒక 30 విడిగా తీసి, నడుమ ఆ భాగాన్ని వేసి అతకండి. పెళ్లికూతురి జరీ చీర, వెనక దీపాలు రెండూ కాలిపోకుండా మీరు రోజూ చేసే పనే ఇది. పాడు చేసేది చర్మం నునుపు చేసే టూలు. నీహారిక మీద దాన్ని ఎప్పుడూ వాడకండి. వాయువులో సన్నటి పోగులన్నీ చెరిగిపోయి మైనంలా అయిపోతుంది. నాయిస్ కొంచెం మిగిలితే మిగలనివ్వండి.

మీ బావమరిది అడిగిన రంగుల సంగతికి పూర్తి జవాబు చెప్పాలి, ఎందుకంటే అది మంచి ప్రశ్న. మసక చీకట్లో మన కంట్లో రంగు చూసే కణాలు పనిచేయవు, నలుపు తెలుపు చూసే కణాలే పనిచేస్తాయి. అందుకే టెలిస్కోపులో చూసినా ఈ నీహారిక బూడిద రంగులో, ఒక్కోసారి లేత ఆకుపచ్చగా కనిపిస్తుంది. రంగు లేక కాదు. అక్కడి హైడ్రోజన్ 656.3 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర ఎర్రటి వెలుగు వదులుతుంది, ఆక్సిజన్ 500.7 దగ్గర నీలం కలిసిన ఆకుపచ్చ వదులుతుంది. 1864లో విలియం హగ్గిన్స్ ఒక నీహారిక వెలుగును విడగొట్టి చూసినప్పుడు ఈ ఆకుపచ్చ గీత కనపడింది. భూమి మీద ఏ మూలకానికీ అది సరిపోలేదు కాబట్టి అక్కడేదో కొత్త మూలకముందని చాలాకాలం అనుకున్నారు. 1927లో ఐరా బోవెన్ అది రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఆక్సిజనే అని తేల్చాడు. నీహారిక ఎంత పలుచనంటే, మన ప్రయోగశాలల్లో మామూలుగా సాధ్యం కాని ఆ వెలుగు అక్కడ తీరిగ్గా వెలువడుతుంది. ఇదంతా కంప్యూటర్లు పుట్టకముందు మాట. కాబట్టి రంగు అక్కడిదే. మనం చేసేది దాని బలం పెంచడం. ఈ నీహారికకు కొంచెం పైన, వేటగాడిగా ఊహించే ఈ చుక్కల గుంపులోని కత్తి పిడి దగ్గర, నీలంగా కనిపించే భాగం ఒకటుంటుంది. అక్కడున్న ధూళి, చుక్కల వెలుగును తిప్పి కొడుతుంది కాబట్టి నీలం. మీ ఫోటోలో అది వచ్చిందంటే రంగు సరిగ్గా ఉందని గుర్తు.

అయితే బావమరిది మాటలో ఒక పాలు నిజం ఉంది. హబుల్ పేరుతో మీరు చూసే బంగారు, నీలి రంగుల ఫోటోల్లో చాలావాటికి గంధకానికి ఎరుపు, హైడ్రోజన్‌కు ఆకుపచ్చ, ఆక్సిజన్‌కు నీలం అని కావాలని కేటాయిస్తారు, ఏ వాయువు ఎక్కడుందో తెలియడానికి. అది మోసం కాదు, వాళ్లే చెబుతారు. మీరు కూడా మీ ఫోటో కింద ఎంతసేపు తీశారో, ఏ లెన్సో, రంగు ఎలా సరిచేశారో రాయండి. లేని పోగులను ఊహించి గీసే ఏఐ టూళ్ల జోలికి పోవద్దు. 1,300 ఏళ్ల కిందట బయల్దేరిన వెలుగు మీ పెరట్లోకి వచ్చి పడితే, దాని మీద ఎవరో ఎక్కడో ఊహించిన గీతలు పెట్టడం నాకు సుతరామూ ఇష్టం లేదు.

మీ ఫోటోలో ఎరుపు తక్కువగా, గులాబీ రంగులో వస్తుంది. మామూలు కెమెరాల్లో సెన్సరు ముందున్న గాజు ఆ 656 ఎరుపులో చాలా భాగాన్ని ఆపేస్తుంది. ఆ గాజు తీయించమని కొందరు సలహా ఇస్తారు. పెళ్లి కెమెరాకు ఆ పని చేయించకండి, పెళ్లికొడుకుల మొహాలన్నీ ఎర్రబడిపోతాయి. ఇష్టం ముదిరాక పాత బాడీ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొని దానికి చేయించుకోండి.

చివరగా, మీరు అడగకపోయినా చెప్పాలనిపించిన సంగతి. పెళ్లిళ్ల హడావిడిలో ఫాల్గుణం చివరికొచ్చాక, ఉగాదికి ముందు వచ్చే కొత్త అమావాస్య రోజులను ఖాళీ పెట్టుకోండి. ఏప్రిల్ మొదటి వారంలో రాత్రి పదింటికి నేరుగా దక్షిణాన, దిగంతం నుంచి 11 డిగ్రీల ఎత్తులో, కరీనా నీహారిక ఉంటుంది. మృగశిర దగ్గరిదాని కన్నా పెద్దది. సుమారు 8,500 కాంతి సంవత్సరాల దూరంలో ఉండి కూడా మామూలు కంటికి మసకగా కనపడేంత కాంతిమంతమైనది. లండన్‌లో అది ఎప్పటికీ ఉదయించదు. కామన్ తన తోటలోంచి దాన్ని చూడలేకపోయాడు. ఢిల్లీలో దిగంతానికి రెండు డిగ్రీలు కూడా లేవదు. మీ పర్లాకిమిడిలో పిడికిలెత్తు పైకి వస్తుంది. ఫిబ్రవరి నుంచి కొండల్లో పోడు మంటల పొగ దిగంతం దగ్గర ముసురుకుంటుంది కాబట్టి ఒక వాన పడి గాలి కడిగినట్టైన మర్నాడు ప్రయత్నించండి. ఊరి దక్షిణపు అంచున చెట్లు, దీపాలు అడ్డం లేని గట్టో పొలమో ఒకటి పగలే చూసి పెట్టుకోండి. పొలం ఆసామికి ముందే చెప్పి, ఇంకో మనిషిని తోడు తీసుకెళ్లండి. 50 ఎంఎం, చెక్క సాధనం, నిమిషం చొప్పున 40 ఫ్రేములు. తీశాక ఎడిట్ చేసిన ఫోటోతో పాటు విడిగా ఒక్క రా ఫ్రేము కూడా నాకు పంపండి. ఫోకస్, ఇరుసు దిశ, ఎక్స్‌పోజరు మూడింటిలో ఏది సరిచేయాలో ఆ ఒక్క ఫ్రేము చూస్తే చెప్పగలను.